తాతల పేర్లు సరే, మనవరాలి ఫోను నంబరు ఎందుకు?

కార్తీక మాసం వస్తే తెలుగునాట వనభోజనాలతో పాటు ఒక దరఖాస్తు కూడా చేతులు మారుతుంది. ఉసిరి చెట్టు కింద విస్తళ్లు పరిచేలోగా కులసంఘం కార్యదర్శి దాన్ని పంచుతాడు. ఇంటిపేరు, గోత్రం, స్వగ్రామం, తాత ముత్తాతల పేర్లు, ఇల్లాలి పుట్టింటివారి ఇంటిపేరు, పిల్లల చదువులు, వారు పనిచేసే కంపెనీ, ఉంటున్న దేశం, పెళ్లయిందీ లేనిదీ, ఆఖరున అందరి సెల్ నంబర్లూ అందులో అడుగుతారు. ఇంటి పెద్ద ఒక్కడే కూర్చుని పాతికమంది తరఫున దాన్ని నింపేస్తాడు. ఆ కాగితాలన్నీ వంశచరిత్ర మీద మక్కువ గల ఒక రిటైర్డ్ ఉద్యోగి ఇంటికి చేరతాయి. ఆయన రాత్రింబవళ్లు శ్రమపడి వాటిని శాఖోపశాఖలుగా పేర్చి వంశవృక్షం తయారు చేస్తాడు. అది పీడీఎఫ్ రూపంలో వాట్సాప్ బృందాలకు ఎక్కుతుంది. డాలస్‌లోని కోడలి నంబరు, హైదరాబాదు హాస్టల్లో ఉంటున్న మనవరాలి నంబరు, భర్తతో తెగతెంపులు చేసుకుని మరో ఊళ్లో కొత్త బతుకు మొదలుపెట్టిన మేనకోడలి చిరునామా, అన్నీ అందులో ఉంటాయి. వారిలో ఒక్కరినైనా ఎవరూ అడిగి ఉండరు. అడగాలన్న ఆలోచనే ఎవరికీ తట్టి ఉండదు.

ఇది బంధువర్గంలో సర్దుకోవలసిన చిన్న విషయంగా కనిపించవచ్చు. కాదు, ఇది చట్టసభల వ్యవహారం. బతికున్న మనిషి ఆచూకీ కుటుంబపు ఉమ్మడి ఆస్తా, లేక ఆ మనిషి సొంతమా అన్న ప్రశ్నకు భారత పార్లమెంటు 2023లో జవాబు చెప్పవలసి వచ్చింది. అంతకుముందు రెండు ముసాయిదాలలో స్పష్టంగా రాసి ఉన్న జవాబును చెరిపివేసి, ఆ చోటును ఖాళీగా వదిలేసింది.

ముందుగా ఒక న్యాయం చెప్పుకోవాలి. వంశవృక్షం కూర్చేవారి పని పనికిమాలిన కాలక్షేపం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల నుంచి ఓడలెక్కి మారిషస్, నటాల్, బర్మాలకు కూలీలుగా వెళ్లిన తెలుగువారి మునిమనవలు నేడు తమ పూర్వీకుల ఊరేదో వెతుక్కుంటున్నారు. మారిషస్‌లోని మహాత్మా గాంధీ సంస్థ భద్రపరచిన వలస కూలీల దస్తావేజులలో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. ఆ కాగితం నుంచి శ్రీకాకుళం జిల్లాలోని ఒక గుమ్మం దాకా రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు తమ పేరూ ఆచూకీ బయటపెట్టి, ఈ ఇంటిపేరువారం మేమేనని చెప్పుకోవాలి. పరిశోధకులు తమ చిరునామాలు ఇచ్చిపుచ్చుకోకపోతే ఈ అన్వేషణ ఒక్క అడుగు కూడా సాగదు. అందుకు ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. తన నంబరు తాను ఇచ్చుకోవడం ఒకటి, తోడబుట్టినవాళ్ల పిల్లల నంబర్లు తాను పంచిపెట్టడం మరొకటి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, బంధుత్వం అంటే అంతా కలిసే ఉండడం కదా అని అడిగేవారు బంధుత్వాన్నీ అపార్థం చేసుకుంటున్నారు, హక్కునూ అపార్థం చేసుకుంటున్నారు.

పూర్వం వంశావళికి కాపలా ఉండేది. హరిద్వారంలోని పండాల వహీలలో తరతరాల పేర్లున్నాయి. అయితే అవి చూడాలంటే యాత్రికుడు స్వయంగా వెళ్లి, తన ఊరూ కులమూ చెప్పుకుని, ఆ వంశానికి సంబంధించిన పండాను వెతికి పట్టుకోవాలి. మిథిలలో పంజీకారులు వివాహ సంబంధాల కోసమే వంశక్రమాలు రాసిపెట్టేవారు. తెలుగునాట పిచ్చిగుంట్లవారుగా పిలువబడి, నేడు వంశరాజులుగా గౌరవం కోరుకుంటున్న వర్గం దాత ఇంటి వాకిట్లో నిలబడి ఆ ఇంటి గోత్రాలు, తాతల ఘనత గానం చేసేది. ఈ వ్యవస్థలన్నీ కులాన్ని కాపాడినవే. వాటిలో మురిసిపోవలసినదేమీ లేదు. కానీ పండా వహీని ఎవరూ ఒక్క మీట నొక్కి పదివేలమందికి పంపలేదు. అందులో ఫలానా ఇంటిపేరు, ఫలానా వయసు, పెళ్లికాని ఆడపిల్లలు అని జల్లెడ పట్టే వీలు లేదు. ఎక్సెల్ షీటులో ఆ వీలుంది. తేడా అంతా అక్కడే ఉంది.

అందరి నంబర్లూ ఎప్పుడో అందరికీ చేరిపోయాయి, ఇప్పుడు దాచేదేముందని వాదించేవారున్నారు. విడి నంబరుకు పెద్ద విలువ లేదు. దాని పక్కన తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, సొంతూరు, ఉద్యోగం, విదేశంలో ఉన్న కొడుకు పేరు చేరినప్పుడు అది తాళంచెవి అవుతుంది. 2024లో సైబర్ మోసాల వల్ల దేశ ప్రజలు 22 వేల కోట్ల రూపాయలకు పైగా పోగొట్టుకున్నారని కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు తెలిపింది. 'మీ అబ్బాయి పోలీసుల చేతిలో ఉన్నాడు' అంటూ వృద్ధ దంపతులను బెదిరించే మోసగాడికి ఆ అబ్బాయి పేరు, అతను ఉండే ఊరు ముందే తెలిసి ఉండాలి. అతనికి బంధువుల డైరెక్టరీకి మించిన సరుకు ఇంకేం కావాలి?

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. ప్రాణాల మాట వేరు. కులం కాదని పెళ్లి చేసుకున్న జంటలకు రక్షణ కల్పించాలని, అవసరమైతే ప్రతి జిల్లాలో సురక్షిత గృహాలు ఏర్పాటు చేయాలని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆరు నెలలైనా గడవకముందే మిర్యాలగూడలో, గర్భవతియైన భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుణ్ణి ఆమె తండ్రి కిరాయి మనిషి చేత చంపించాడు. ఇటువంటి దేశంలో ప్రభుత్వం ఒక జంటను రహస్యంగా దాచిపెడుతుంటే, వంశవృక్షం అసంపూర్తిగా ఉండకూడదన్న పట్టుదలతో ఒక బాబాయి వారి కొత్త చిరునామాను గడిలో నింపుతాడు. ఆయనకు దురుద్దేశం లేకపోవచ్చు. ఆ పట్టిక చదివేవారందరికీ సదుద్దేశమే ఉంటుందని మాత్రం ఆయన హామీ ఇవ్వలేడు.

ఈ ప్రమాదాన్ని ప్రభుత్వాలే కొన్నిచోట్ల గుర్తించాయి. ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం పెళ్లికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కేరళ రిజిస్ట్రేషన్ శాఖ ఈ నోటీసులను ఫొటోలు, చిరునామాలతో సహా తన వెబ్‌సైటులో పెట్టేది. మతాంతర జంటల నోటీసులను ఏరి మతోన్మాద బృందాలు సామాజిక మాధ్యమాల్లో తిప్పడం మొదలుపెట్టాక, 2020 జులైలో ఆ ప్రభుత్వం వాటిని వెబ్‌సైటులో పెట్టడం మానేసింది. జంట కోరితే తప్ప నోటీసు ప్రచురించనక్కరలేదని 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు తీర్పిచ్చింది. అంటే సాక్షాత్తూ చట్టం ప్రకారం జరిగే ప్రచురణకే హద్దు గీయవలసి వచ్చింది. ఏ చట్టమూ ఆదేశించని ప్రచురణకు మాత్రం హద్దు లేదు.

రాజకీయ పక్షాల సంగతి చూడాలి. ఓటర్ల జాబితాలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు ఉంటాయి. కులం ఉండదు, ఫోను నంబరు ఉండదు. ఆ జాబితాను సైతం కంప్యూటరుతో వెతకడానికి వీలైన రూపంలో ఇవ్వబోమని, గోప్యతకు భంగమని 2018లో ఎన్నికల సంఘం సుప్రీంకోర్టులో వాదించి నెగ్గింది. (ఆ వాదనలో ఎంత గోప్యత ఉందో, ఎంత తప్పించుకోవడం ఉందో ఇప్పటికీ తేలలేదు.) కులసంఘం డైరెక్టరీ సరిగ్గా ఆ జాబితాలో లేని రెండు గడులనూ నింపి పెడుతుంది. ఇంటిపేరును బట్టి కులాన్ని, కులాన్ని బట్టి ఓటును లెక్కగట్టే తెలుగు రాష్ట్రాలలో, ఇంటింటి నంబర్లతో సహా ఒక సామాజిక వర్గం మొత్తం ఒకే ఫైలులో దొరికితే దానికి గిరాకీ ఉండదనుకోవడం అమాయకత్వం. తెలుగుదేశం పార్టీ సేవామిత్ర యాప్‌ను తయారు చేసిన సంస్థపై 2019 మార్చిలో హైదరాబాదులో కేసు నమోదైంది. ఓటర్ల వ్యక్తిగత వివరాలు అందులోకి చేరాయన్నది ఆరోపణ. ఆ పార్టీ దాన్ని ఖండించింది. వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం నియమించిన వలంటీర్లు ఇంటింటా సేకరించిన సమాచారం ఎక్కడికి పోతున్నదని 2023లో పవన్ కల్యాణ్ ప్రశ్నించారు. ఆ పార్టీ కూడా ఖండించింది. ఎవరి ఆరోపణ ఎంత నిజమన్నది పక్కన పెడితే, కుటుంబాల వారీ వివరాల విలువ ఎంతో రెండు పక్షాలకూ బాగా తెలుసునన్న సంగతి మాత్రం రుజువైంది. ఆ వివరాలనే కులసంఘాలు ఉచితంగా, ఆప్యాయంగా, పసుపు కుంకుమలతో అందిస్తున్నాయి.

జాతుల వారీగా ఏరిన జాబితా ఎలా అమ్ముడుపోతుందో అమెరికాలో తేలింది. జన్యు పరీక్షల ద్వారా బంధువులను వెతికిపెట్టే 23అండ్‌మీ సంస్థలో 2023లో దొంగలు పడ్డారు. వారు నేరుగా చొరబడింది సుమారు 14 వేల ఖాతాల్లోకే. కానీ ఆ ఖాతాదారులు 'బంధువులకు కనిపించే' వెసులుబాటును ఎంచుకోవడం వల్ల దాదాపు 69 లక్షల మంది వివరాలు వారి చేతికి చిక్కాయి. అష్కెనాజీ యూదుల జాబితా, చైనా మూలాలవారి జాబితా అంటూ విడదీసి మరీ వాటిని అమ్మకానికి పెట్టారు. ఆ సంస్థ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. ఒక్కొక్కరి అజాగ్రత్తకు దాదాపు 500 మంది మూల్యం చెల్లించారన్నమాట. వంశవృక్షం స్వభావమే అంత. అందులో ఒక్కరు తలుపు తీస్తే అందరి ఇళ్లూ తెరుచుకుంటాయి.

భారతదేశంలో వంశవృక్షం కేవలం అభిరుచిగా మిగిలిన రోజులు కూడా పోయాయి. అస్సాం జాతీయ పౌర పట్టికలో పేరు నమోదు కావాలంటే 1951 పట్టికలోనో, 1971 మార్చి 24 అర్ధరాత్రి లోపలి పత్రాలలోనో పూర్వీకుడిని చూపాలి. ఆ పూర్వీకుడి పేరిట ఒక లెగసీ డేటా కోడ్ ఇచ్చారు. ఒకరి పూర్వీకుణ్ణి మరొకరు తమవాడిగా చూపుకుంటున్నారన్న అనుమానంతో, ఒకే పూర్వీకుణ్ణి చెప్పుకున్నవారందరి చేతా వంశవృక్షాలు రాయించి కంప్యూటరులో సరిపోల్చారు. ఒక అన్న రాసిన చెట్టులో చెల్లెలి పేరు మరచిపోతే ఆమె విచారణకు పరుగెత్తవలసి వచ్చింది. 2019 ఆగస్టు 31న తుది పట్టిక వెలువడేసరికి 19,06,657 మంది దాని వెలుపల ఉన్నారు. 2025లో బిహార్‌లోనూ, తర్వాత మరో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలోనూ సాగిన ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో సుమారు రెండు దశాబ్దాల నాటి జాబితాలో తన పేరో, తల్లిదండ్రుల పేర్లో వెతికి చూపవలసిన గతి సామాన్యుడికి పట్టింది. పౌరసత్వానికీ ఓటుకూ తాతల పేర్లు ఆధారమయ్యే చోట, ఎవరి చెట్టులో ఎవరున్నారన్నది ముచ్చట కాదు, సాక్ష్యం. ఒక బంధువు ఉబుసుపోకకు కూర్చిన పట్టికలోని తప్పు పేరు, తప్పు వరుస రేపు మరొకరి మెడకు చుట్టుకోదని ఎవరు చెప్పగలరు? ఆ పట్టికను సరిదిద్దమని అడిగే హక్కు అందులో ఉన్నవారికి ఉండవద్దా?

ఇక్కడే చట్టం దగ్గరికి రావాలి. 90 ఏళ్లు దాటిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన పిటిషన్‌పై 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించారు. సమాచార గోప్యతకు ముప్పు ప్రభుత్వం నుంచే కాక ప్రభుత్వేతరుల నుంచీ రావచ్చునని ఆ తీర్పు గుర్తించింది. తర్వాత జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో ఒక ముసాయిదా బిల్లు ఇచ్చింది. వ్యక్తిగత, గృహ అవసరాలకు ఎవరైనా తమవారి వివరాలు రాసుకుంటే చట్టం వర్తించదని అందులో ఉంది. అది సబబే. పెళ్లి పిలుపుల చిట్టా రాసుకునే గృహిణి మీదికి ఏ చట్టమూ పోకూడదు. అయితే ఆ వెంటనే ఒక మినహాయింపు కూడా ఉంది. ఆ వివరాలను బహిరంగపరచినా, వృత్తి వ్యాపారాలకు వాడినా ఈ వెసులుబాటు చెల్లదని. 2019లో ప్రభుత్వం పార్లమెంటులో ప్రవేశపెట్టిన బిల్లులోనూ 36వ క్లాజులో ఆ మాటలు అలాగే ఉన్నాయి. 2022 ఆగస్టులో ఆ బిల్లును ఉపసంహరించుకున్నారు. 2023 ఆగస్టులో, మణిపూర్‌పై ప్రతిపక్షాల నిరసనల మధ్య, మూజువాణి ఓటుతో నెగ్గిన చట్టంలో 3వ సెక్షన్ చూడండి. 'ఏదైనా వ్యక్తిగత లేదా గృహ ప్రయోజనం' కోసం ఒక వ్యక్తి చేసే పనికి చట్టం వర్తించదన్న వెసులుబాటు మిగిలింది. బహిరంగపరిస్తే చెల్లదన్న హద్దు మాయమైంది.

గృహ ప్రయోజనం అంటే ఏమిటో చట్టంలో నిర్వచనం లేదు. వెయ్యిమంది ఉన్న వాట్సాప్ బృందం గృహమా? ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూడగల వంశవృక్షం గృహమా? కులసంఘం తన పేరుమీద డైరెక్టరీ వేస్తే సంఘం వ్యక్తి కాదు కనుక చట్టం వర్తిస్తుంది. అదే కార్యదర్శి తన సొంత లాప్‌టాప్‌లో తన సరదా కోసం కూర్చుకున్నానంటే తప్పించుకోవడానికి దారి దొరుకుతుంది. రేపు ఏ హైకోర్టో ఈ వెసులుబాటుకు సంకుచితమైన అర్థం చెప్పవచ్చు. కానీ ఆ అర్థం రాబట్టడానికి ఏ ఆడపడుచో సొంత పెదనాన్న మీద వ్యాజ్యం వేయాలి. సంతకం చేసేలోపే ఆమె పుట్టింటికి దూరమవుతుంది. చట్టంలో నాలుగు మాటలు తీసేసినందుకు ఆమె చెల్లించవలసిన ధర అది.

ఐరోపాలో ఈ ముడి ఇరవై ఏళ్ల కిందటే విడిపోయింది. స్వీడన్‌లో బోదిల్ లిండ్‌క్విస్ట్ అనే చర్చి కార్యకర్త 1998లో తన ఇంట్లోని కంప్యూటరుతో కొన్ని వెబ్ పేజీలు తయారు చేసింది. తనతో పాటు పనిచేసే 18 మంది పేర్లు, వారి పనులు, అభిరుచులు, కుటుంబ పరిస్థితులు, కొందరి ఫోను నంబర్లు సరదా ధోరణిలో రాసింది. ఒకామె కాలికి దెబ్బ తగిలి సగంపూట సెలవులో ఉందని కూడా రాసింది. కొందరికి నచ్చలేదని తెలియగానే తీసేసింది. లాభాపేక్ష లేదు, దురుద్దేశం లేదు. అయినా ఆమెపై కేసు నడిచింది. లెక్కలేనంతమందికి అందుబాటులో ఉండేలా ఇంటర్నెట్‌లో పెట్టడం వ్యక్తిగత, గృహ వ్యవహారం కాజాలదని 2003 నవంబరులో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. ఆ పేజీల్లో ఉన్నదానికంటే తెలుగు బంధు డైరెక్టరీలో ఉన్నది ఎక్కువే. ఆమెను శిక్షించవలసింది కాదని జాలిపడవచ్చు. జైలు, జరిమానాల కోసం ఇక్కడ ఎవరూ ఉవ్విళ్లూరడం లేదు. తీసెయ్యమని అడిగితే తీసెయ్యక తప్పదన్న నియమం ఉంటే చాలు.

ఆ పాటి నియమానికి చోటివ్వని ప్రభుత్వం గోప్యత పేరు చెప్పి తన గుమ్మానికి మాత్రం గట్టి గడియ పెట్టుకుంది. ఇదే చట్టంలోని 44వ సెక్షన్ సమాచార హక్కు చట్టం 8(1)(జె)ని సవరించింది. ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారం ఇవ్వవచ్చునంటూ ఆ క్లాజులోనే ఉన్న మాటను తొలగించింది. 2025 నవంబరులో నియమాలు ప్రకటించినప్పుడు సంస్థలు, కంపెనీలు పాటించవలసిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. సమాచార హక్కుకు కోత పెట్టే సవరణను మాత్రం వెంటనే అమలులోకి తెచ్చారు. కంపెనీల నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారికి పరిహారం ఇప్పించే ఐటీ చట్టం 43ఎ సెక్షన్‌ను కూడా ఈ చట్టమే రద్దు చేస్తోంది. ఇకపై విధించే జరిమానా 250 కోట్లయినా అది భారత సంచిత నిధికే చేరుతుంది. నష్టపోయిన మనిషికి రూపాయి రాదు. ఉపాధి హామీ మస్టర్ రోల్‌లో దొంగ పేర్లెవరివో అడిగేవాడికి గోప్యత అడ్డు. హాస్టల్లో ఉన్న ఆడపిల్ల నంబరు ఊరంతా తిరుగుతుంటే గోప్యత ఊసే లేదు.

చరిత్ర నష్టపోతుందన్న వాదన ఒకటి మిగిలింది. వంశవృక్షాలలో జీవించి ఉన్నవారిని దాచితే భావి పరిశోధకులకు ఏమి మిగులుతుందని కొందరి బాధ. చనిపోయినవారి గురించి ఈ చర్చే లేదు. వారి పేర్లు, ఊళ్లు, పెళ్లిళ్లు, వలసలు ఎంత వివరంగా రాస్తే అంత మేలు. జీవించి ఉన్నవారి సంగతికి కాలమే పరిష్కారం. బ్రిటన్ తన జనగణన పత్రాలను 100 ఏళ్లకు, అమెరికా 72 ఏళ్లకు విడుదల చేస్తాయి. 1921 నాటి బ్రిటిష్ పత్రాలు, 1950 నాటి అమెరికా పత్రాలు 2022లో బయటికి వచ్చినప్పుడు వంశ పరిశోధకులు పండుగ చేసుకున్నారు. అంతకాలం ఆగినందుకు చరిత్రేమీ చచ్చిపోలేదు. వంశవృక్షాలకు పేరుపడ్డ విదేశీ వేదికలు ఫ్యామిలీసెర్చ్, ఆన్సెస్ట్రీ వంటివి కూడా మరణించినట్టు ఆధారం లేని వ్యక్తి వివరాలను ఇతరులకు చూపవు. తెలుగువారు ఆ వేదికలలో ఆ నియమానికి తలొగ్గి, బయటికి రాగానే అదే చెట్టును పీడీఎఫ్ చేసి నంబర్లు కలిపి పంచడం విడ్డూరం.

1948 నాటి భారత జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎన్యూమరేటర్ రాసుకున్న పత్రాన్ని ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు. అతడు ఆ వివరాలు బయటపెడితే నేరం. 1931 తర్వాత తొలిసారిగా అన్ని కులాల లెక్కా తీసే 2027 జనగణనకు కూడా అదే రక్షణ ఉంది. తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటి సమగ్ర సర్వే మొదలైనప్పుడు హైదరాబాదులో కొందరు తలుపు తెరవలేదు, వివరాలన్నీ చెబితే ఎవరి చేతిలో పడతాయోనన్న శంకతో. ఆ శంక సహేతుకమే. ప్రభుత్వాన్ని అలా అనుమానించగల పౌరుడు కులసంఘం దరఖాస్తు ముందు మాత్రం కళ్లజోడు సవరించుకుని, కోడలి పుట్టింటి గోత్రంతో సహా పూసగుచ్చినట్టు రాసిస్తాడు. అక్కడ ఎన్యూమరేటరుకు ఉన్న శిక్షాభయం కూడా ఎవరికీ లేదు.

వంశచరిత్రకారులు చట్టం కోసం ఆగనక్కరలేదు. పుట్టి వందేళ్లు కాని, మరణించినట్టు తెలియని ఏ మనిషి పక్కనా ఫోను నంబరు, చిరునామా, పుట్టిన తేదీ, ఉద్యోగం రాయకుండా ఉండవచ్చు. ఒక్కొక్క శాఖకూ ఒకరిని, వారి అంగీకారంతో, సంప్రదించవలసిన మనిషిగా పెట్టుకుంటే ఎక్కడో మారిషస్ నుంచి వెతుక్కుంటూ వచ్చిన బంధువుకు దారి దొరుకుతుంది. ఎవరితో మాట్లాడాలో, ఎవరి ఉత్తరానికి జవాబివ్వాలో మిగిలినవారు తామే తేల్చుకుంటారు. ముఖ్యంగా దత్తత, విడాకులు, పునర్వివాహం, మతం మార్పు వంటివి ఆ మనుషులు తామే చెబితే తప్ప చెట్టు మీద వేలాడదీయకూడదు.

పార్లమెంటు చేయవలసిన పని ఇంతకన్నా సులువు. 2019 బిల్లు 36వ క్లాజులోని ఆ కొద్ది మాటలను 2023 చట్టం 3వ సెక్షన్‌లో తిరిగి చేర్చడానికి ఒక్క సవరణ చాలు. కొత్తగా కమిటీ వేయనక్కరలేదు, ముసాయిదా రాయనక్కరలేదు. ఆ మాటలు ఎందుకు తొలగించారో ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖను అడగడానికి తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది సభ్యులున్నారు. చట్టంలోని ప్రధాన బాధ్యతలు 2027 మే నెలలో అమలులోకి వచ్చేలోగా వారిలో ఒక్కరైనా ఆ ప్రశ్న వేయాలి.